కార్డ్ బ్లడ్ (బొడ్డుతాడు రక్తం) దాచాలా వద్దా: సంతకం పెట్టేముందు తేల్చుకోవాల్సినవి

ఏడో నెలలో స్కాన్‌కి వెళ్లి బయట బెంచీ మీద కూర్చుని ఉంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు ఫైలు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "మేడమ్, బేబీ కార్డ్ బ్లడ్ గురించి ఎవరైనా చెప్పారా మీకు?" అని మొదలుపెట్టి పది నిమిషాల్లో లుకేమియా, తలసీమియా, ఆటిజం, షుగరు, గుండెజబ్బు అన్నీ చుట్టబెట్టేశాడు. చివర్లో, "ఒక్కసారే వచ్చే అవకాశం మేడమ్, తర్వాత కావాలన్నా దొరకదు" అన్నాడు. ఆ మాట మాత్రం నిజమే, మనకి టెన్షన్ పట్టుకునేదీ అక్కడే. నేనొకటే అడిగాను: "రేపు ఈ బిడ్డకే బ్లడ్ క్యాన్సర్ వస్తే, దాచిపెట్టిన ఈ బిడ్డ రక్తమే ఎక్కిస్తారా?" క్షణం కూడా ఆలోచించలేదు. "హండ్రెడ్ పర్సెంట్ మేడమ్, సొంత రక్తం కదా, పర్‌ఫెక్ట్ మ్యాచ్."

ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, ఆ "సొంత రక్తం కదా" దగ్గరే లెక్క మొత్తం తలకిందులవుతోందని.

ముందు అసలు సంగతి. కాన్పయ్యాక బొడ్డుతాడులో, మాయలో కొంత రక్తం మిగిలిపోతుంది, కార్డ్ బ్లడ్ అంటే అదే. ఫీజు తీసుకుని దాన్ని ఫ్రీజ్ చేసి మీ పేరు మీద దాచే కంపెనీలే ప్రైవేటు బ్యాంకులు. మామూలుగా అది మాయతోపాటే పారేస్తారు. అందులో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు, అంటే ఎముక మజ్జలో ఉండే రకం స్టెమ్ సెల్స్, బాగా ఉంటాయి. మజ్జ చెడిపోయినవాళ్లకి, బ్లడ్ క్యాన్సర్‌కి మందులిచ్చి మజ్జని పూర్తిగా ఖాళీ చేసినవాళ్లకి ఇవి ఎక్కిస్తే కొత్త మజ్జ మొలకెత్తుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు. 1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్ అనే డాక్టరు బృందం మొట్టమొదటిసారి ఈ పని చేసింది. ఫాంకోనీ అనీమియా అనే, పుట్టుకతో వచ్చే మజ్జ జబ్బు ఉన్న అయిదేళ్ల బాబుకి ఎక్కించారు, పనిచేసింది. ఆ తర్వాత ప్రపంచం మొత్తమ్మీద వేలకి వేలు జరిగాయి.

కానీ ఆ మొదటి కేసులోనే ఒక విషయం ఉంది, బ్రోచర్లలో అది ఎక్కడా కనిపించదు. ఆ బాబుకి ఎక్కించింది ఆ బాబు రక్తం కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలిది.

కాబట్టి "కార్డ్ బ్లడ్ మంచిదా" అని అడిగితే మంచిదే అనే జవాబు వస్తుంది, దాంతో మీకు ఒరిగేదేమీ లేదు. ఎవరి రక్తం, ఎవరికి, ఏ జబ్బుకి అని అడగాలి. ఈ మూడూ కలిపి అడిగితే సగం అయోమయం అక్కడికక్కడే తీరిపోతుంది.

బిడ్డ రక్తం ఆ బిడ్డకే చాలావరకు ఎందుకు పనికిరాదో చూడండి. తలసీమియా, సికిల్ సెల్ లాంటివి జన్యువుల్లోంచి వచ్చేవి. బిడ్డకి ఆ జబ్బు ఉందంటే దాచిన సంచీలోని ప్రతి కణంలోనూ అదే తప్పు ఉంటుంది. పాడైన విత్తనాన్ని తీసి మళ్లీ అదే విత్తనం వేసినట్టు. చిన్నపిల్లల్లో వచ్చే లుకేమియా సంగతి ఇంకాస్త చిత్రం: చాలామందిలో ఆ క్యాన్సర్‌కి దారితీసే తొలి మార్పు పుట్టేనాటికే కణాల్లో ఉంటోందని తెలిసింది, అంటే సంచీలో కూడా ఉండొచ్చు. పైగా లుకేమియాలో పరాయి దాత కణాలే ఎందుకు మేలంటే, అవి మిగిలిపోయిన క్యాన్సర్ కణాలని శత్రువుల్లా చూసి వేటాడతాయి. సొంత కణాలు వాటిని మనవాళ్లే అనుకుని ఊరుకుంటాయి. పర్‌ఫెక్ట్ మ్యాచ్ అని ఆ కుర్రాడు మురిసిపోయిందే ఇక్కడ లోపం.

మరి బ్రోచర్లలో వేసే "80 జబ్బులకి మందు" అనే జాబితా? అది అబద్ధం కాదు, సగం నిజం. ఆ జాబితాలో ఎక్కువ వాటికి వాడేది ఇంకొకరి కార్డ్ బ్లడ్. తోబుట్టువుది, లేదా ఎవరో దానం చేసింది. సొంతది పనికొచ్చే సందర్భాలు అసలు లేవని అనను, పుట్టాక వచ్చే కొన్ని మజ్జ జబ్బుల్లో వాడిన కేసులున్నాయి. న్యూరోబ్లాస్టోమా లాంటి, చిన్నపిల్లల్లో వచ్చే క్యాన్సర్ గడ్డలకి సొంత స్టెమ్ సెల్స్ కావాలి, కానీ అవి చికిత్స సమయంలో ఆ బిడ్డ రక్తంలోంచే తీసుకుంటారు, ఏళ్ల క్రితం ఫ్రీజర్‌లో పెట్టి ఉండక్కర్లేదు. ఒక బిడ్డకి జీవితంలో ఎప్పుడైనా తన కార్డ్ బ్లడ్ తనకే అవసరం పడే అవకాశం ఎంత అంటే, డాక్టర్ల సంఘాలు చెప్పే అంచనాలు 400 మందిలో ఒకరి నుంచి 2 లక్షల మందిలో ఒకరి దాకా ఉన్నాయి. అంచనాలే ఇంత దూరం దూరంగా ఉన్నాయంటే ఎవరి దగ్గరా గట్టి లెక్క లేదని. సేల్స్ మనిషి మొదటి అంకె చెబుతాడు, రెండోది చెప్పడు.

అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 2017లో, కాన్పు డాక్టర్ల కాలేజీ 2019లో దాదాపు ఒకే మాట చెప్పాయి: ముందుజాగ్రత్త బీమాలాగా డబ్బు కట్టి ప్రైవేటుగా దాచుకోవడాన్ని మేం సిఫార్సు చెయ్యం, ఇంట్లో అవసరం ఉన్నవాళ్లు ఉంటే దాచుకోండి, లేకపోతే పబ్లిక్ బ్యాంకుకి, అంటే దానంగా తీసుకుని అవసరమైనవాళ్లెవరికైనా ఇచ్చే బ్యాంకుకి, దానం చెయ్యండి.

ఇంట్లో అవసరం అంటే ఏమిటి

పుట్టబోయే బిడ్డకి ఇప్పటికే ఒక అన్నో అక్కో ఉండి, వాళ్లకి మజ్జ మార్పిడితో నయమయ్యే జబ్బు ఉంటే, అంటే తలసీమియా మేజర్, సికిల్ సెల్, లుకేమియా, ఎప్లాస్టిక్ అనీమియా, పుట్టుకతో వచ్చే తీవ్రమైన రోగనిరోధక లోపం, ఇలాంటివి, అప్పుడు ఆలోచించడానికి ఏమీ లేదు. దాచండి. బ్యాంకు వాళ్లతో మాట్లాడే ముందు ఆ పెద్దబిడ్డని చూస్తున్న రక్తం జబ్బుల డాక్టరుతో మాట్లాడండి. ఇలాంటి కుటుంబాలకి కొన్నిచోట్ల పబ్లిక్ బ్యాంకులే ఆ బిడ్డ పేరు మీద ప్రత్యేకంగా భద్రపరిచే ఏర్పాటు చేస్తాయి. అది అడగకుండా ప్రైవేటుకి డబ్బు కట్టకండి.

అక్కడ కూడా ఒక లెక్క ముందే తెలిసి ఉండటం మంచిది, లేకపోతే తర్వాత గుండె పగులుతుంది. తోబుట్టువులు ఇద్దరికీ టిష్యూ రకం, అంటే మార్పిడికి కలవాల్సిన కణాల మీది గుర్తులు, పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. తల్లిదండ్రులిద్దరూ తలసీమియా క్యారియర్లయితే (జబ్బు లేకపోయినా ఆ తప్పు జన్యువు మోసేవాళ్లయితే) కొత్త బిడ్డకి ఆ జబ్బు లేకుండా ఉండే అవకాశం నాలుగింట మూడు. రెండూ కలిసిరావాలంటే 16లో 3, ఇరవై శాతం కంటే తక్కువే. కలిసొచ్చినప్పుడు మాత్రం బంగారమే. దాచిన రక్తం చాలకపోతే, ఆ చిన్నబిడ్డ కాస్త పెద్దయ్యాక కొంచెం మజ్జ తీసి రెండూ కలిపి ఎక్కించే వీలు కూడా ఉంది.

ఇంట్లో ఎవరికీ ఇలాంటి జబ్బు లేదా? అయితే మీరు కొంటున్నది చాలా చిన్న అవకాశానికి టికెట్టు. డబ్బు మిగిలి ఉంటే కొనొచ్చు, తప్పేం లేదు. అప్పు చేసి, ఈఎంఐ పెట్టి, "బిడ్డకి ఇది కూడా చెయ్యలేకపోతే ఎలా" అనే అపరాధభావంతో మాత్రం వద్దు. ఆ భావం మీలో పుట్టించడానికే బ్రోచరు మీద అంత ముద్దొచ్చే బిడ్డ ఫొటో వేస్తారు.

సంచీలో ఎంత పడుతుంది

దీని గురించి బెంచీ మీద నాకు ఒక్క ముక్క చెప్పలేదు. మార్పిడికి ఎన్ని కణాలు కావాలనేది ఎక్కించుకునే మనిషి బరువుని బట్టి ఉంటుంది. సాధారణంగా వాడే కొలత కిలోకి కనీసం రెండున్నర కోట్ల కణాలు. అంటే 20 కిలోల పిల్లకి 50 కోట్లు, 60 కిలోల మనిషికి 150 కోట్లు. ఒక్క బొడ్డుతాడులోంచి పిల్లకి సరిపడా రావచ్చు, నిండా పెరిగిన మనిషికి సరిపడా రావడం కష్టం. అందుకే పెద్దవాళ్లకి చేసినప్పుడు రెండు వేరువేరు తాళ్ల రక్తం వాడిన సందర్భాలు ఎన్నో. "మొత్తం కుటుంబానికి రక్షణ, తాతయ్యకి కూడా" అని ఎవరైనా అంటే, తాతయ్య బరువెంతో అడగండి.

పబ్లిక్ బ్యాంకులు ఈ కణాల లెక్క తక్కువుంటే మొహమాటం లేకుండా తీసి పక్కన పెట్టేస్తాయి, దానంగా వచ్చిన వాటిలో చాలా వాటికి అదే గతి. ప్రైవేటు బ్యాంకుకి అలా పక్కన పెట్టాల్సిన తొందరేమీ లేదు, తక్కువున్నా ఫ్రీజ్ చేసి ఏటా ఫీజు తీసుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా కలపాలి. ఈమధ్య సగం మాత్రమే కలిసే అమ్మ నుంచో నాన్న నుంచో మజ్జ తీసుకుని చేసే మార్పిడి బాగా కుదురుతోంది, దాంతో కార్డ్ బ్లడ్ వాడకం ఒకప్పటికంటే తగ్గింది. దాత దొరక్క ప్రాణం పోతుందన్న భయం పదిహేనేళ్ల క్రితం ఉన్నంత ఇప్పుడు లేదు.

బొడ్డుతాడు ఎప్పుడు కోస్తారు

ఇది అడక్కుండా ఏ ఫారం మీదా సంతకం పెట్టకండి. బిడ్డ పుట్టిన వెంటనే తాడు నొక్కేసి కొయ్యకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే మాయలోని రక్తం బిడ్డలోకి వెళ్తుంది. మొదటి నిమిషంలోనే దాదాపు 80 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలకి 100 దాకా. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే మొత్తం రక్తమే పావు లీటరుకి అటూ ఇటూ అని గుర్తుపెట్టుకుంటే అదెంత పెద్ద భాగమో తెలుస్తుంది. తొలి ఆరు నెలలకి సరిపడా ఐరన్ నిల్వ దాంట్లోంచే పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసం ఒక నిమిషం ఆగమంటుంది.

ఇప్పుడు చూడండి: ఆగితే సంచీలోకి తక్కువ పడుతుంది. తొందరపడితే సంచీ నిండుతుంది, బిడ్డకి తగ్గుతుంది. రెండూ ఒకే రక్తం మరి. ఎప్పుడో రావచ్చో రాకపోవచ్చో అనే జబ్బు కోసం, ఈ రోజు తప్పకుండా అక్కరకొచ్చే రక్తాన్ని బిడ్డకి తగ్గించడం నాకైతే మనసొప్పలేదు. రక్తం సేకరించడం కోసం తాడు కోసే సమయాన్ని మార్చకూడదని కాన్పు డాక్టర్ల సంఘాలు కూడా రాతపూర్వకంగానే చెప్పాయి. ఇంట్లో జబ్బున్న పెద్దబిడ్డ ఉంటే అది వేరే సంగతి, ఎంతసేపు ఆగాలన్నది డాక్టర్లిద్దరూ కూర్చుని తేలుస్తారు. ఒక నిమిషం ఆగాక కూడా కొన్నిసార్లు సరిపడా దొరుకుతుంది.

తీసే పద్ధతిలో భయపడాల్సిందేమీ లేదు. తాడు కోసి బిడ్డని అమ్మ గుండెల మీద పెట్టేశాక, మాయ వైపు మిగిలిన తాడుని మందుతో తుడిచి, అందులోని సిరలోకి సూది గుచ్చి, సంచీని మంచం కంటే కిందికి వేలాడదీస్తారు. గడ్డకట్టకుండా అందులో ముందే మందు ఉంటుంది. ముదురు ఎరుపు ధార దానంతటదే జారుతుంది, నిగనిగలాడే లావు తాడు నాలుగైదు నిమిషాల్లో తెల్లబడి వాలిపోతుంది. నొప్పి ఎవరికీ ఉండదు. సిజేరియన్‌లో కూడా తీస్తారు. కాన్పులో ఏ చిన్న తేడా వచ్చినా సేకరణ వదిలేస్తారు, వదిలెయ్యాలి కూడా. అప్పుడు కట్టిన అడ్వాన్సు వెనక్కి ఇస్తారా లేదా అన్నది ముందే రాయించుకోండి.

దానం సంగతి

పబ్లిక్ బ్యాంకు అందుబాటులో ఉంటే నా ఓటు దానికే. డబ్బు కట్టక్కర్లేదు, మీ బిడ్డ రక్తం ఊరూ పేరూ తెలియని ఒకరికి పనికొస్తుంది. అరుదైన టిష్యూ రకం ఉన్నవాళ్లకి, తల్లిదండ్రులు వేరువేరు జాతుల నుంచి వచ్చిన పిల్లలకి రిజిస్ట్రీల్లో (దాతల జాబితాల్లో) దాత దొరకడం కష్టం కాబట్టి అలాంటివాళ్ల దానం మరీ విలువైనది. కాకపోతే అన్ని ఆసుపత్రుల్లో ఈ వసతి ఉండదు, ఎనిమిదో నెల దాటేలోపే పేరు నమోదు చేసుకోవాలి, అమ్మ రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ లాంటి పరీక్షలు చేస్తారు. ఇచ్చాక అది మీది కాదు. రేపు మీకే కావాల్సొచ్చినా ఇంకా అక్కడ ఉంటే అదృష్టం.

మధ్యరకంగా "కమ్యూనిటీ పూల్" అని ఒకటి అమ్ముతున్నారు: మీరూ దాచుకోండి, సభ్యులందరి రక్తమూ అందరికీ అందుబాటులో ఉంటుంది అని. వినడానికి సొంతంగా దాచుకోవడం కంటే నయమే, ఎందుకంటే పనికొచ్చేది ఇంకొకరిదే కాబట్టి. అయితే పూల్‌లో మొత్తం ఎన్ని యూనిట్లున్నాయి అని కాకుండా, మార్పిడికి సరిపడా కణాలున్నవి ఎన్ని, ఇప్పటిదాకా ఎన్ని బయటికిచ్చారు అని అడగండి.

అయినా దాచాలనే అనుకుంటే

అడగాల్సినవి అడగండి, జవాబు ఫోన్లో కాదు మెయిల్‌లో తీసుకోండి. ఫాక్ట్ లేదా ఏఏబీబీ (ఇలాంటి బ్యాంకుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే సంస్థలు) గుర్తింపు ఉందా, ఉంటే మీ బిడ్డ రక్తం నిజంగా ఉండబోయే ల్యాబుకే ఉందా? సర్టిఫికెట్ ఫొటో చూసి నమ్మకుండా ఆ సంస్థల సైట్లలో పేరు వెతకండి. ఎంత కణాల లెక్క కంటే తక్కువ వస్తే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు? "కొంచెం వచ్చినా పనికొస్తుంది మేడమ్" అంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యొచ్చు. రక్తం ల్యాబుకి ఎన్ని గంటల్లో చేరుతుంది, 48 గంటల్లోపు ఫ్రీజింగ్‌కి వెళ్లాలి, దారిలో మరీ వేడికి గానీ చల్లదనానికి గానీ గురికాకూడదు. మీ బ్యాంకు నుంచి నిజమైన మార్పిడికి ఎన్ని యూనిట్లు వెళ్లాయి? ఇక్కడ "థెరపీలకి" అనే మాటతో దాటేస్తారు, ప్రయోగాలకి ఇచ్చినవి కూడా అందులో కలిపేస్తారు, జాగ్రత్త.

ఒప్పందం కాగితం మీద మూడు చోట్ల వేలు పెట్టి చదవండి: ఏటా ఫీజు పెరుగుతుందా, ఒక ఏడాది కట్టకపోతే ఏం చేస్తారు, కంపెనీ మూతపడితేనో అమ్ముడుపోతేనో సంచీ ఎక్కడికి వెళ్తుంది. నాకిచ్చిన కాగితంలో మూడోదానికి సమాధానం, చీమ తలకాయంత అక్షరాల్లో, "సంస్థ విచక్షణ మేరకు" అని ఉంది. ఇరవై ఏళ్ల ఒప్పందంలో!

మీ డాక్టరుకి ఈ కంపెనీ నుంచి ఏమైనా ముడుతుందా అని కూడా అడగండి. ఇబ్బందిగానే ఉంటుంది, నాకూ గొంతు తడారింది. కానీ సిఫార్సు చేసే డాక్టరు అలాంటి సంబంధం ఉంటే తనంతట తనే చెప్పాలన్నది వాళ్ల సంఘాల నియమమే.

బొడ్డుతాడు రక్తంతోపాటు తాడు ముక్క కూడా దాచండి అని ప్యాకేజీ పెంచుతారు. తాడులో ఉండేవి వేరే రకం కణాలు, వాటిని దాచుకుని తర్వాత వాడే నిరూపితమైన వైద్యం ఇప్పటికి లేదు, ఆ భాగం కొట్టేయించెయ్యండి. ఆటిజం గురించి చెబితే, అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ 180 మంది పిల్లల మీద కార్డ్ బ్లడ్‌తో చేసిన ట్రయల్ ఫలితం 2020లో వచ్చింది, ముఖ్యంగా కొలవాలనుకున్న దాంట్లో ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లలకీ కార్డ్ బ్లడ్ ఇచ్చిన పిల్లలకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సెరిబ్రల్ పాల్సీలో ఇంకా ప్రయోగాలే. రేపు ఏదైనా తేలొచ్చు. తేలకముందే తేలినట్టు అమ్మడం దగ్గరే నా గొడవ.

ఇవన్నీ ఏడో నెల దాటకముందే మీరూ మీవారూ కూర్చుని తేల్చుకోండి. నొప్పులు మొదలయ్యాక వచ్చే ఫోన్‌కి ఎవరైనా సరే అనేస్తారు. మేం దాచలేదు. బదులుగా, ఇబ్బందేమీ లేకపోతే తాడు కొయ్యడానికి ముందు కనీసం నిమిషం ఆగాలని కాన్పు ఫైలు మొదటి పేజీలో రాయించుకున్నాం. డ్యూటీ నర్సు అది చదివి, "ఇది ఇక్కడ ఎలాగూ చేస్తామమ్మా" అని నవ్వింది.

ఇప్పటికే దాచేసినవాళ్లు ఇది చదివి బెంగపడకండి. సరిగ్గా ఫ్రీజ్ చేసి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచిన కణాలు 23 ఏళ్ల తర్వాత కూడా బతికే ఉన్నట్టు ల్యాబుల్లో చూశారు, మీ డబ్బు ఆవిరైపోలేదు. బ్యాంకుకి మెయిల్ పెట్టి పూర్తి ల్యాబ్ రిపోర్టు తెప్పించుకోండి: మొత్తం కణాల లెక్క, సీడీ34 లెక్క (అందులో స్టెమ్ సెల్స్ ఎన్నో చెప్పేది), బతికున్న కణాల శాతం, సూక్ష్మక్రిములు పెరిగాయా లేదా. ఆ లెక్కని రెండున్నర కోట్లతో భాగించండి, అది ఎన్ని కిలోల మనిషి వరకు సరిపోతుందో వస్తుంది. ఎనిమిదో తొమ్మిదో కిలోలు వచ్చిందా, వచ్చే ఏడాది ఫీజు కట్టాలా వద్దా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది. బాగా వచ్చిందా, ఆ రిపోర్టు జిరాక్స్ ఒకటి బిడ్డ టీకాల కార్డుతోపాటే పెట్టండి.